సామాన్ల బండికి లోపలి గడియ

పాత బండి కొనేటప్పుడు అందరూ టైర్లు చూస్తారు, అడుగున తుప్పు చూస్తారు. నేనూ చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను వెలుగులో ఇరుసు దగ్గర నుంచి హుక్కు దాకా చూశాను. ఆ తరవాత లోపలికెక్కి, బయట నుంచి తలుపు వేసెయ్యమని మా ఆయనతో చెప్పాను.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, వరసగా షెడ్లున్న వీధి చివర, పెళ్ళిళ్ళకి కుర్చీలూ తివాచీలూ అద్దెకిచ్చే ఒక పెషావర్ ఆయన యార్డు అది. కారు వెనక తగిలించి లాక్కుపోయే సామాన్ల ట్రైలర్ ఒకటి అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాం. నాలుగు పక్కలా రేకు, పైన రేకు, వెనక రెండు పెద్ద తలుపులు, కుడిపక్కన ఒక చిన్న తలుపు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. లోపల దుమ్మూ పన్నీరూ కలిసిన వాసన. తలుపు మూస్తే కటిక చీకటి. ఆ చీకట్లో కూర్చుని కప్పు వైపు, మూలల వైపు చూశాను. కన్నం ఉన్న చోట వెలుగు సూదిలా దూరుతుంది. వెలుగు దూరిన చోట వానా దూరుతుంది, ఇసకా దూరుతుంది. కప్పు మూలన ఒకటి, చక్రం పైన ఒకటి కనిపించాయి. పర్వాలేదు, పూడ్చుకోవచ్చు.

తలుపు తియ్యమని లోపల నుంచి కొట్టాను. మా ఆయన యార్డు ఆయనతో కబుర్లలో పడిపోయాడు. పిడి కోసం తడిమాను. పిడి లేదు, గడియ లేదు, నున్నటి రేకు. మళ్ళీ కొట్టాను. తలుపు తెరిచేసరికి చెమటతో తడిసిపోయి ఉన్నాను, మా ఆయన్ని అక్కడే ఉతికి ఆరేశాను. లోపల పిడి ఎందుకు లేదని యార్డు ఆయన్ని అడిగితే, సామాన్లు లోపల నుంచి తలుపు తీసుకుని వస్తాయా బెహన్ అని హిందీలో నవ్వాడు. ఆ మాటకి నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే సామాన్ల మధ్య, లోపల గడియ లేని గదిలో ఏళ్ళ తరబడి బతికిన మనిషి ఒకరు నాకు తెలుసు. ఆ బండి కొంటున్నదే ఆవిడ కోసం.

ఆవిడ మా పిన్ని, మా అమ్మ చెల్లెలు. షార్జాలో ఒక అరబ్బు కుటుంబం ఇంట్లో పని చేసేది. మా అమ్మ పోయాక నన్ను నర్సింగులో చేర్పించి, ఫీజు దగ్గర నుంచి తెల్ల బూట్ల దాకా అక్కడి నుంచే పంపింది. ఈ రోజు నేను ఆసుపత్రిలో యూనిఫారం వేసుకుని నిలబడ్డానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. ఎవరి ముందైనా చెబుతాను, నాకేం నామోషీ లేదు.

ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు. అది ముందే చెప్పాలి, లేకపోతే పిన్ని ఊరుకోదు. తిండికి లోటు చెయ్యలేదు, జీతం ఆపలేదు, ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ గది వంటింటి పక్కన ఉండేది. ఒక మంచం, మంచం పక్కన ఇస్త్రీ బల్ల, దాని పక్కన పెద్ద ఫ్రీజరు, గోడవారన మంచినీళ్ళ సీసాల పెట్టెలు. ఐసు కావాల్సిన పిల్లలు, నీళ్ళు కావాల్సిన పెద్దలు, మాంసం తియ్యాల్సిన వంటమనిషి, ఎవరి అవసరానికి వాళ్ళు తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళ తప్పేముంది? అది వాళ్ళ సామాన్ల గది. అందులో ఒక మనిషి కూడా ఉంటోంది, అంతే. చీర మార్చుకోవాలంటే పిన్ని ఇస్త్రీ బల్లని తలుపుకి అడ్డంగా జరుపుకునేది. అది కళ్ళారా చూసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం, బల్లకి చక్రాలున్నాయి కదే, ఎంత పని, అని నవ్వేసింది.

కరోనా సద్దుమణిగాక మోకాళ్ళు మొరాయించి, పిన్ని ఇక్కడ అంతా ఖలాస్ చేసుకుని వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంది. వెళ్ళేది కూతురి ఇంటికి. అల్లుడూ, అల్లుడి అమ్మానాన్నలూ ఉన్న ఇల్లు. మంచిదే, చూసుకునేవాళ్ళున్నారు. కానీ నేను ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూశాను. పుట్టింట్లో అందరూ ఒకే వసారా, అత్తింట్లో తడిక, ఇక్కడ ఫ్రీజరు గది, రేపు కూతురి ఇంట్లో మనవరాలి మంచం పక్కన ఇంకో మంచం. తన చేత్తో తను గడియ పెట్టుకుని పడుకున్న గది ఆవిడ బతుకులో ఒక్కటీ లేదు.

కరోనా రోజుల నుంచే ఇక్కడి జనానికి క్యాంపింగ్ పిచ్చి పట్టుకుంది. విమానాలు లేక, హోటళ్ళంటే భయమేసి, చలికాలం వచ్చిందంటే ఇసకలోకో సముద్రం ఒడ్డుకో పోవడం మొదలుపెట్టారు. మంచాలూ వంటిల్లూ ఉన్న క్యాంపింగ్ బండ్లు రోడ్డు మీద కనిపిస్తే నేను తల తిప్పి చూసేదాన్ని. అవి మన అందుబాటులో లేవు. మా ఆయన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌లో ట్రక్కులకి సరుకు ఎక్కించే సూపర్‌వైజరు. సామాన్ల ట్రైలర్ కొని మనమే ఇల్లు చేసుకుందాం, అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. నేను వెంటనే సరే అన్నాను. పెళ్ళైన కొత్తలో మేము ఉన్నది ఒక ఫ్లాటు హాలుని ప్లైవుడ్‌తో కోసిన ముక్కలో. మంచం కింద వంటసామాను, మంచం పైన బట్టలు, తలుపు వెనక దేవుడి వాక్యం. అలాంటి పార్టిషన్‌లో కాపురం చేసినవాళ్ళకి ట్రైలర్ ఒక బంగళా.

పిన్నికి చెబితే పడీపడీ నవ్వింది. సామాన్ల డబ్బాలో పడుకోవడానికి మీకేం పొయ్యేకాలం వచ్చిందే, అంది. నవ్వు ఆగాక అడిగింది:

"లోపల గెడ ఉంటాదా?"

"పెడతాను పిన్నీ," అన్నాను. ఆ క్షణానే అనుకున్నాను, ఆవిడ విమానం ఎక్కేలోగా ఆ బండి తయారవ్వాలి, అందులో మొదట పడుకునేది ఆవిడే కావాలి.

అందుకే యార్డు ఆయనతో గట్టిగా బేరమాడాను. ఆ రెండు కన్నాలూ చూపించాను, టైర్ల మీద అచ్చు వేసిన తయారీ ఏడాది చూపించాను. ఆయన గడ్డం గోక్కుని, మా ఆయన వైపు జాలిగా చూసి, చివరికి ఒప్పుకున్నాడు. పైగా ఎర్ర తివాచీ ముక్క ఒకటి చుట్టి, కొత్త ఇంటికి నా తరఫున అని చేతిలో పెట్టాడు. పనయ్యేదాకా తన యార్డులో ఒక మూల ఉంచుకోమన్నాడు కూడా. ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, నా పేరు మీద వచ్చింది. కారుదీ నా పేరే. మా ఆయనకి ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఉంది గానీ కారు లైసెన్సు లేదు. టెస్టులో పరీక్ష చేసేవాళ్ళు పక్కన కూర్చోగానే చేతులు వణుకుతాయి పాపం. మా ఇంట్లో స్టీరింగ్ నాది.

సెలవు దొరికినప్పుడల్లా యార్డుకి పోయేవాళ్ళం. కన్నాలు పూడ్చాం, గోడలకి వేడి ఆపే ఫోము అంటించి పైన ప్లైవుడ్ కొట్టాం. కిటికీ కోసింది నేను. రేకు మీద పెన్సిల్‌తో గీత గీసి, రంపం మిషను పట్టుకుని నాలుగు వైపులా కోసుకొచ్చాను. ఊడొచ్చిన రేకు ముక్కని పట్టుకుని యార్డంతా తిరిగి అందరికీ చూపించాను. గీత ఎక్కడా తప్పలేదు మరి.

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ప్రతివారం ప్రార్థనలో ముందు వరస మనిషి. బైబిల్లో ఏ వాక్యం ఎక్కడుందో అడిగితే కళ్ళు మూసుకుని చెబుతాడు. కానీ వాళ్ళ నాన్న గోదావరి పక్క ఇళ్ళు కట్టిన మేస్త్రీ. ఇల్లు అనే మాట వినపడగానే ఈయనలో ఆ మేస్త్రీ నిద్ర లేస్తాడు. గుమ్మం తూర్పుకి, పొయ్యి ఆగ్నేయంలో, నీళ్ళు ఈశాన్యంలో, బరువు నైరుతిలో. చక్రాలున్న ఇంటికి వాస్తేమిటండీ, రోజుకో దిక్కుకి తిరుగుతుంది కదా, అన్నాను. ఎక్కడ ఆపినా పక్క తలుపు తూర్పుకి ఉండేట్టు ఆపితే సరిపోయె, అన్నాడు. నేనింక వాదించలేదు. నిజం చెప్పొద్దూ, పొయ్యి తీసుకెళ్ళి ఈశాన్యంలో పెట్టాలంటే నాకూ చెయ్యి రాదు.

కుడిపక్క తలుపు తూర్పుకి వస్తే బండి ముక్కు ఉత్తరానికి ఉంటుంది. అప్పుడు ఆగ్నేయమూ నైరుతీ రెండూ బండి తోకలో పడతాయి. ఆ లెక్కన తోక కుడి మూలలో పొయ్యి గట్టు బిగించాడు. తోక ఎడమ మూలలో పెద్ద చెక్కపెట్టె కొట్టి, బియ్యం బస్తా, బ్యాటరీ, పనిముట్లు, నీళ్ళ క్యాన్లు, పచ్చడి జాడీలు అన్నీ అందులో సర్దాడు. ముందు భాగంలో ఖాళీ నీళ్ళ ట్యాంకు, పలచటి పరుపు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో. మేమిద్దరం దూరంగా నిలబడి దాన్నే చూస్తూ టీ తాగాం.

గడియ మాత్రం నేనే కొన్నాను, నేనే బిగించాను. కొట్టువాడు ఏవేవో కొత్త రకాలు చూపించాడు, మెత్తగా పడేవి, చప్పుడు చెయ్యనివి. నాకు చప్పుడు కావాలి. ఇత్తడి గడియ, లావుపాటిది, వేస్తే టక్కుమని పడేది ఏరుకున్నాను. తలుపు తెరిచి ఉంచి ముందుకీ వెనక్కీ జరిపి చూశానే గానీ, తలుపు మూసి గడియ వెయ్యలేదు. మా ఆయన్నీ వెయ్యనివ్వలేదు.

ప్రయాణానికి ముందు పిన్నికి వాళ్ళ మేడమ్ సెలవిచ్చింది, ఒక్క రాత్రి బయట ఉండి రావచ్చని. అంతే దొరికింది. ఆ మరునాటి తరవాత సర్దుకోవడాలు, వీడ్కోళ్ళు, విమానం. నేను డ్యూటీలు అటూ ఇటూ మార్చుకుని, తెల్లవారేసరికి బండితో సహా షార్జాలో ఆ ఇంటి గేటు ముందు నిలబడ్డాను. పిన్ని బయటికొచ్చి, చీర కొంగు బొడ్లో దోపుకుని, ట్రైలర్ చుట్టూ తిరిగింది. కిటికీ దగ్గర ఆగి అంచు మీద వేలు పెట్టి రాసి చూసింది.

"ఇది కోసింది నువ్వేనంట కదే?"

"నేనే."

"మీ అమ్మ ఉండాల్సింది," అని కారెక్కింది.

కల్బా వెళ్దామని నేనే అనుకున్నాను. దుబాయ్ సముద్రంలో సూర్యుడు మునుగుతాడు. మా గోదావరి వైపు సముద్రంలోంచి లేస్తాడు. ఈ దేశంలో సముద్రంలోంచి లేచే సూర్యుణ్ణి చూడాలంటే కొండలు దాటి తూర్పు తీరానికి పోవాలి. ఇన్నేళ్ళున్నా పిన్ని అది చూడలేదు. ఆవిడ పనిచేసిన ఇంట్లో వంటింటి కిటికీ పక్కింటి గోడ వైపుకి ఉండేది.

ఊళ్ళో ఉన్నంతసేపూ బండి బుద్ధిగానే వచ్చింది. కొండల దారిలో రోడ్డు వెడల్పై, వేగం పెంచి, పక్క నుంచి ఒక పెద్ద లారీ దాటిందో లేదో, వెనక నుంచి ఎవరో కారు తోక పట్టుకుని ఊపినట్టయింది. అద్దంలో చూస్తే ట్రైలర్ అటొకసారి ఇటొకసారి కొట్టుకుంటోంది. పిన్ని వెనక సీట్లో యేసయ్యా యేసయ్యా అంటోంది. మా ఆయన బ్రేకు, బ్రేకు అన్నాడు. నేను బ్రేకు తొక్కలేదు. కాలు తీసేసి, స్టీరింగ్ కదలకుండా బిగించి పట్టుకున్నాను. వేగం తగ్గేకొద్దీ ఊపూ తగ్గింది. నిదానంగా నడుపుకుంటూ పెట్రోలు బంకులోకి తెచ్చి ఆపాను.

మా ఆయన మొహంలో నెత్తురు లేదు. వెనక్కి పోదాం, అత్తయ్యగారిని పెట్టుకుని ఈ సాహసం వద్దు, అన్నాడు. ఆ మాట తప్పని నేను అనలేను. పిన్ని సీట్లో సర్దుకుని కూర్చుని, మెల్లగా అంది:

"పోనీలేమ్మా. చూశాను కదా బండి. అదే పదివేలు."

ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. జీవితమంతా అదే మాట ఆవిడకి. చూశాను కదా, విన్నాను కదా, ఫొటో పంపావు కదా, అదే పదివేలు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఎప్పటిలాగే మా ఆయన మీదికి తిరిగాను.

"మీ గోడౌన్‌లో ట్రక్కుకి సరుకంతా తోకలో ఎక్కిస్తే మీరు ఊరుకుంటారా?"

నిజానికి నేను పుల్లవిరుపుగా అన్నాను, అందులో జవాబు ఉందని నాకు తెలియదు. ఆయన కారు దిగాడు. ట్రైలర్ వెనక్కి వెళ్ళి తలుపులు తెరిచి, బియ్యం బస్తా వైపు, బ్యాటరీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వెనకే వెళ్ళాను. ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి.

"తోక బరువైతే ముక్కు తేలిపోద్ది. ఇక ఊగక చస్తాదా. రోజూ కుర్రాళ్ళని తిట్టేది దీనికే," అన్నాడు. బస్తా మీద చెయ్యి వేసి, "ఇల్లు అనుకుని సర్దాను. బండని మర్చిపోయాను," అన్నాడు.

ఇంకో రోజైతే ఆయన్ని వదిలిపెట్టేదాన్ని కాదు. కానీ ఆ మొహం చూస్తే నవ్వొచ్చింది. ట్రక్కుల మీద సరుకు సర్దడం పుట్టుకతో వచ్చినట్టు చేసే మనిషి, సొంత ఇల్లు అనేసరికి అదంతా మర్చిపోయి వాళ్ళ నాన్నైపోయాడు. యల్లా, మొదలుపెట్టండి, అన్నాను.

బంకులో ఒక పక్కన బండి నిలిపి సామానంతా దింపాం. బస్తా, బ్యాటరీ, పనిముట్ల పెట్టె, నీళ్ళ క్యాన్లు ముందుకి చేరాయి. పొయ్యి గట్టు బిగించేసింది కాబట్టి కదలదు, దాని మీదా కిందా ఉన్న గిన్నెలూ సిలిండరూ కూడా ముందుకి మోశాం. పిన్నిని కూర్చోమంటే వినలేదు. మోకాళ్ళు పట్టుకుంటూనే పచ్చడి జాడీలు ఒక్కొక్కటీ ఒళ్ళో పిల్లని మోసినట్టు మోసుకొచ్చింది. మా ఆయన తాళ్ళు బిగించి, హుక్కు దగ్గర ముక్కు ఎంత దిగిందో వంగి చూసుకుని, ఇప్పుడు పద, అన్నాడు. మొదట మెల్లగా, తరవాత కొంచెం వేగంగా పోనిచ్చాను. ఈసారి లారీ దాటినా వెనక బండి గీత గీసినట్టు వచ్చింది. మా ఆయన అద్దంలోంచి కళ్ళు తియ్యలేదు. నేను మాత్రం పాట ఎత్తుకున్నాను.

కల్బాలో క్యాంపింగ్‌కి ఒప్పుకునే చోట అప్పటికే ఒకటి రెండు కుటుంబాలు గుడారాలు వేసుకున్నాయి. ట్రైలర్‌ని వెనక్కి నడిపి నిలపడం తెలిసినవాళ్ళకి తెలుసు, స్టీరింగ్ ఇటు తిప్పితే అది అటు పోతుంది. గట్టి నేల మీద, సముద్రానికి ఎదురుగా పక్క తలుపు వచ్చేట్టు, ఒక్కసారికే నిలిపాను. పక్క గుడారం ముందు కూర్చున్న ఒక అరబ్బు పెద్దాయన చూసి, జైన్, జైన్ అని తలాడించాడు. బాగుంది బాగుంది అని. ఆ మాట నాకు పతకం ఇచ్చినట్టే ఉంది, ఎందుకు దాచుకోవాలి.

సముద్రం తూర్పున ఉంది కాబట్టి గుమ్మం తూర్పుకే వచ్చింది. అది చూసుకున్న మా ఆయన ఏం చేశాడనుకున్నారు? చొక్కా చేతులు మడిచి, బియ్యం బస్తా ఎత్తుకుని, మళ్ళీ నైరుతి మూలకి మోసుకుపోయాడు. దాని వెనక బ్యాటరీ, దాని వెనక పనిముట్లు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతూ ఇసకలో కూర్చుండిపోయాను. పిన్ని నన్ను కసిరింది.

"మొయ్యనీవే. ఇప్పుడు ఇల్లయ్యింది కదా."

ఇప్పటికీ మాకదే పద్ధతి. రోడ్డు మీద బరువు ముందుకి, ఆగాక నైరుతికి. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

పిన్ని ఆగ్నేయంలో పొయ్యి వెలిగించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, పాలు పొంగించింది. పాలు గట్టంతా కారాయి, నేను తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పాలతోనే పరమాన్నం చేసింది. పక్క గుడారాలకి కూడా గిన్నెల్లో పంపింది. మా అమ్మాయి కట్టిన ఇల్లు, అని తనకొచ్చిన అరబ్బీలో అందరికీ చెప్పుకుంది. అరబ్బు పెద్దాయన మాకు ఖర్జూరాలు పంపించాడు.

చీకటి పడ్డాక నేనూ మా ఆయనా బయట చిన్న గుడారంలో పడుకుంటామని చెప్పాం. పిన్ని ఒప్పుకోలేదు. నేనొక్కదాన్నా ఇంత ఇంట్లో, నాకు నిద్రెలా పడుతుంది, అంది. గడియ చూపించాను. వేలితో ఒకసారి ముట్టుకుంది. ఇక్కడికెవరొస్తారు, గడియెందుకు, అంది. నేను దిగి తలుపు దగ్గరికి లాగాను. మేమిద్దరం ఇసకలో నిలబడిపోయాం. లోపల అడుగుల చప్పుడు, పరుపు సర్దుకున్న చప్పుడు. ఆవిడ వెయ్యదేమోనని నాకు భయం పట్టుకుంది. ఎందుకు భయమో చెప్పలేను, ఆ గడియ పడకపోతే నేను చేసిందంతా వృథా అనిపించింది. చాలాసేపటికి, టక్. మా ఆయన నా వైపు చూశాడు. చలిగా ఉంది పదండి, అని ముక్కు చీదుకున్నాను.

తెలతెలవారుతుండగా మెలకువ వచ్చింది. సముద్రం చివర ఆకాశం ఎర్రబడుతోంది. పరిగెత్తినట్టు వెళ్ళి ట్రైలర్ తలుపు తట్టాను. ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ ఇంట్లో తలుపు చప్పుడైతే చేతిలో పని వదిలేసి పరిగెత్తిన మనిషి ఆవిడ. తలుపు తెరుచుకోలేదు.

"ఎవరదీ?"

గొంతు నిదానంగా ఉంది. అలా అడగడం నేను ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

"నేనే పిన్నీ. సూర్యుడు వచ్చేస్తున్నాడు, లే."

"ఉండు. వస్తన్నా."

నిలబడ్డాను. ఆవిడ తొందరపడలేదు. దువ్వెన పెట్టిన చప్పుడు, చీర కుచ్చిళ్ళు విదిలించిన చప్పుడు వినిపించాయి. నా వెనక సూర్యుడు నీళ్ళలోంచి పైకి రావడం మొదలైంది, నేను తలుపునే చూస్తున్నాను. గడియ టక్కుమని జరిగింది. తల దువ్వుకుని, శుభ్రంగా చీర కట్టుకుని, గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. వెలుగంతా ఆవిడ మొహం మీదే పడింది. నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

"రా అమ్మా, లోపలికి రా. టీ తాగుదువు గాని."

చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆవిడ ఇంట్లోకి వెళ్ళాను.